వరద వేళ వించ్ మొరాయించరాదు: నెమ్మదించిన విద్యుత్ హాయిస్టు - లోపాల గుర్తింపు, నివారణ

వర్షాకాలం ప్రారంభానికి ముందే జలాశయాల గేట్లను, వాటిని ఎత్తే యంత్రాలను, సహాయక చర్యలకు వినియోగించే పడవలను సిద్ధం చేసుకొనడం వరద సన్నద్ధతలో తొలి మెట్టు. గేటును పైకెత్తే హాయిస్టు గాని, పడవను ట్రైలరుపైకి లాగే చిన్న వించ్ గాని మూలసూత్రం రీత్యా ఒకే యంత్రం. మోటారు తిరుగుతుంది, గేర్లు ఆ వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచుతాయి, డ్రమ్ము తాడును చుట్టుకుంటుంది, బరువు కదులుతుంది. ఈ యంత్రం ఒక్కసారిగా చెడిపోవడం అరుదు. ముందుగా నెమ్మదిస్తుంది. ఆ హెచ్చరికను గుర్తించి, కారణాన్ని సక్రమంగా కనుగొన్నట్లయితే అనేక సందర్భాలలో మోటారును మార్చవలసిన అవసరం ఉండదు.

పశ్చిమ ప్రకాశానికి ఈ విషయం ఎందుకు ముఖ్యం

నల్లమల కొండలలో పుట్టిన గుండ్లకమ్మ నది పశ్చిమ ప్రకాశం ప్రాంతం గుండా ప్రవహించి తూర్పున బంగాళాఖాతంలో కలుస్తున్నది. ఈ నదిపై విజయనగర రాజుల కాలంలో నిర్మితమైన కంభం చెరువును అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల జాబితాలో చేర్చినది. చెరువు నిండితే మిగులు నీరు అలుగు మీదుగా దానంతట అదే పొర్లిపోతుంది. అందుకు మోటారు అక్కర లేదు, కరెంటు అక్కర లేదు.

గేట్లు గల ఆధునిక జలాశయాల పరిస్థితి వేరు. అదే నదిపై దిగువన మద్దిపాడు మండలం మల్లవరం వద్ద నిర్మించిన కందుల ఓబులరెడ్డి గుండ్లకమ్మ జలాశయానికి 15 గేట్లు కలవు. వరద వచ్చినపుడు వాటిని సకాలంలో ఎత్తవలసి ఉంటుంది. 2022 ఆగస్టు 31న ఈ జలాశయం గేటు ఒకటి, 2023 డిసెంబరు 8న మరొక గేటు దెబ్బతిని కొట్టుకుపోగా నిల్వ నీరు వృథాగా దిగువకు పోయినది. 2021 ఆగస్టు 5న కృష్ణా నదిపై పులిచింతల ప్రాజెక్టు 16వ గేటు కొట్టుకుపోయినది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి గేటు వరద పాలైనది. 2021 నవంబరు 19న చెయ్యేరు నదిపై అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి దిగువ గ్రామాలలో ప్రాణనష్టం సంభవించినది. ఆ ప్రాజెక్టు అయిదు గేట్లలో ఒకటి పనిచేయలేదని అప్పటి కేంద్ర జలశక్తి శాఖ మంత్రి గజేంద్ర సింగ్ షెకావత్ 2021 డిసెంబరులో రాజ్యసభలో పేర్కొన్నారు.

ఈ సంఘటనలన్నింటికీ కారణం ఒకటి కాదు. హాయిస్టు వేగానికి వీటన్నింటితో సంబంధం ఉన్నదని చెప్పడం కూడా సరికాదు. అయితే గేటు, తాడు, గొలుసు, గేరు, బ్రేకు, మోటారు అన్నీ కలిసి ఒకే వ్యవస్థ అని, అందులో ఏ ఒక్క భాగం బలహీనపడినా వరద సమయంలో సరిదిద్దుకొనే వ్యవధి దొరకదని ఇవి స్పష్టం చేస్తున్నాయి.

పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు విషయంలోనూ కాలమే కీలకం. శ్రీశైలం జలాశయంలోకి వచ్చే కృష్ణా వరద జలాల నుండి సుమారు 45 రోజులలో 43.5 టీఎంసీల నీటిని జంట సొరంగాల ద్వారా నల్లమల సాగర్‌కు మళ్లించేందుకు ఈ ప్రాజెక్టును రూపొందించినారు. 2024 మార్చి 6న ఆ సొరంగాలను జాతికి అంకితం చేసినారు. ఏడాదిలో 45 రోజులే పనిచేసే వ్యవస్థలో గేటు ఒక రోజు మొరాయించినా ఆ రోజు నీరు తిరిగి రాదు.

నెమ్మదించడం అంటే ఎంత

గేట్ల హాయిస్టులు స్వతహాగా నిదానంగా పనిచేసే యంత్రాలు. గేటు సాధారణంగా నిమిషానికి అర మీటరు అటూ ఇటూ పైకి లేస్తుంది. కావున కంటితో చూచి వేగాన్ని అంచనా వేయడం సాధ్యం కాదు. గడియారంతో కొలవవలసినదే.

ఉదాహరణకు మూడు మీటర్లు ఎత్తవలసిన గేటు నిమిషానికి అర మీటరు చొప్పున ఆరు నిమిషాలలో లేస్తుంది. మధ్యలో రిలే ట్రిప్ కావడం, మోటారు చల్లారే వరకు ఆగడం వంటి కారణాలతో అదే పనికి పది నిమిషాలు పట్టినదనుకుందాం. ఒక గేటు విషయంలో నాలుగు నిమిషాల తేడా స్వల్పంగానే కనిపిస్తుంది. పదిహేను గేట్లను ఒకదాని తరువాత ఒకటి ఎత్తవలసి వచ్చినపుడు గంటన్నరలో పూర్తి కావలసిన పని రెండున్నర గంటలకు చేరుతుంది. ఎగువన కుండపోత వర్షం కురిసిన రాత్రి ఒక గంట ఆలస్యం ఎంతటిదో నదీతీర గ్రామాల ప్రజలకు వివరించనక్కర లేదు.

అందువల్ల ప్రతి గేటుకు అది సక్రమంగా పనిచేస్తున్న రోజున ఎత్తడానికి పట్టిన సమయాన్ని, అప్పటి వోల్టేజిని, మూడు ఫేజుల కరెంటును రిజిస్టరులో నమోదు చేయడం మొదటి కర్తవ్యం. ఈ ఆధారం లేనపుడు యంత్రం నెమ్మదించినదా లేదా అన్నది కేవలం అభిప్రాయమే అవుతుంది.

రెండు రకాల మోటార్లు - రెండు రకాల లక్షణాలు

లోపాన్ని వెతికే ముందు మోటారు ఏ రకమో తెలుసుకోవాలి. గేట్ల హాయిస్టులకు సాధారణంగా త్రీఫేజ్ ఏసీ ఇండక్షన్ మోటార్లను అమరుస్తారు. వీటి వేగాన్ని ప్రధానంగా నిర్ణయించేది కరెంటు ఫ్రీక్వెన్సీ. 50 హెర్ట్జ్ సరఫరాపై నాలుగు పోళ్ల మోటారు నిమిషానికి 1,500 చుట్లకు కొద్దిగా తక్కువగా, ఆరు పోళ్ల మోటారు 1,000 చుట్లకు కొద్దిగా తక్కువగా తిరుగుతాయి. వోల్టేజి తగ్గినంత మాత్రాన వీటి వేగం పెద్దగా తగ్గదు గాని బలం మాత్రం వేగంగా క్షీణిస్తుంది. మోటారు బలం వోల్టేజి వర్గాన్ని అనుసరించి మారుతుంది. 415 వోల్టులు అందవలసిన చోట 360 వోల్టులే అందితే వోల్టేజిలో తగ్గినది 13 శాతమే అయినా, బలంలో నాలుగో వంతు పోతుంది. ఆ లోటును పూడ్చుకొనేందుకు మోటారు అధిక కరెంటు తీసుకొని వేడెక్కుతుంది, రిలే ట్రిప్ అవుతుంది. లోవోల్టేజి వేళ బోరు మోటారు ఎత్తుకోలేక మూలిగే తీరు ఈ ప్రాంత రైతాంగానికి సుపరిచితమే. హాయిస్టు మోటారు బాధ కూడా అదే.

పడవ ట్రైలరుపై ఉండే వించ్‌కు 12 వోల్టుల బ్యాటరీపై పనిచేసే డీసీ మోటారు ఉంటుంది. దీని వేగం నేరుగా వోల్టేజిపై ఆధారపడుతుంది. వోల్టేజి తగ్గిన కొద్దీ వించ్ కళ్లెదుటనే నెమ్మదిస్తుంది. కనుక ఇక్కడ మొదటి అనుమానం బ్యాటరీ మీద, తీగల మీద ఉండాలి.

బరువుతో ఉన్నపుడే, మోటారు వద్దనే కొలవాలి

లోపం వెతకడంలో తరచుగా జరిగే పొరపాటు ఒకటి కలదు. యంత్రం ఆగి ఉన్నపుడు ప్యానెల్ బోర్డు వద్ద వోల్టేజిని చూచి, సరిపోయినదని నిర్ధారించుకొని, వెంటనే మోటారును విప్పడం. కరెంటు ప్రవహించనపుడు తుప్పుపట్టిన జాయింటు సైతం పూర్తి వోల్టేజిని చూపుతుంది. బరువు పడి కరెంటు ప్రవహించినపుడే దాని అసలు స్వరూపం బయటపడుతుంది. కావున గేటు లేస్తున్నపుడు లేదా పడవ కదులుతున్నపుడు, మోటారు టెర్మినళ్ల వద్ద వోల్టేజిని, టాంగ్ టెస్టరుతో కరెంటును కొలవాలి. ఈ రెండు అంకెలు లోపం ఏ దిక్కున ఉన్నదో చూపుతాయి.

- ప్యానెల్ వద్ద, మోటారు వద్ద రెండు చోట్లా వోల్టేజి తక్కువగా ఉంటే లోపం సరఫరాలో లేదా ట్రాన్స్‌ఫార్మరులో ఉన్నది.
- ప్యానెల్ వద్ద సరిగా ఉండి మోటారు వద్ద తగ్గితే లోపం మధ్యలోని కేబుల్, కాంటాక్టర్, లగ్గులు లేదా జాయింట్లలో ఉన్నది.
- వోల్టేజి సరిగా ఉండి మూడు ఫేజులలోనూ కరెంటు మామూలు కంటే ఎక్కువగా ఉంటే మోటారుపై అదనపు భారం పడుతున్నది. బ్రేకు, గేరు, తాడు, గేటు వైపు వెతకాలి.
- ఒక ఫేజులో కరెంటు లేకున్నా, మూడింటి మధ్య పెద్ద తేడా ఉన్నా ఫ్యూజు, కాంటాక్టర్, మోటారు వైండింగులను పరీక్షించాలి. రెండు ఫేజులపై నడిచే మోటారు స్వల్పకాలంలోనే కాలిపోగలదు. అట్టి స్థితిలో మళ్లీ మళ్లీ స్టార్టరు నొక్కరాదు.
- వోల్టేజి, కరెంటు రెండూ మామూలుగా ఉండి వేగం మాత్రమే తగ్గితే ఫ్రీక్వెన్సీని చూడాలి. డీజిల్ జనరేటరుపై నడుపుతున్నపుడు ఇది ముఖ్యం. ఇంజను వేగం తగ్గి 50 హెర్ట్జ్ బదులు 45 హెర్ట్జ్ వస్తే హాయిస్టు వేగం సైతం పది శాతం తగ్గుతుంది.

తుఫాను రాత్రి గ్రిడ్ కరెంటు పోవడం సాధారణం. జనరేటరే ఆధారమయ్యే అవకాశం అధికం. అందువల్ల సన్నాహక పరీక్షలో గేటును గ్రిడ్ కరెంటుపైనే గాక, జనరేటరుపై కూడా ఎత్తి చూచిన పిమ్మటనే సిద్ధంగా ఉన్నట్లు నమోదు చేయడం ఉచితం.

యాంత్రిక లోపాలు

భారం పెరిగినదని అంకెలు చెప్పినపుడు మొదట చూడవలసినది బ్రేకు. కరెంటు రాగానే విడివడి, కరెంటు పోగానే పట్టుకొనడం హాయిస్టు బ్రేకు లక్షణం. దానిలో స్ప్రింగు, దిమ్మెల సర్దుబాటు తప్పినా, థ్రస్టరులో నూనె తగ్గినా బ్రేకు పూర్తిగా విడివడదు. అపుడు మోటారు ఒకవైపు గేటును, మరొకవైపు బ్రేకును లాగవలసి వస్తుంది. కాలిన వాసన, బ్రేకు డ్రమ్ము అతిగా వేడెక్కడం ఇందుకు గుర్తులు.

తరువాతిది గేరుబాక్సు. నూనె తగ్గినా, గట్టిపడినా, వాననీరు కలిసి పాలవలె తెల్లబారినా గేర్లు భారంగా తిరుగుతాయి. నూనెలో లోహపు రజను కనిపిస్తే గేర్లు గాని, బేరింగులు గాని అరుగుతున్నాయని గ్రహించాలి.

ఇనుప తాడు విషయంలో తుప్పు, తెగిన పోగులు, నలిగిన చోట్లు చూడాలి. పాత గ్రీజును తొలగించి కార్డియం కాంపౌండు పూయడం గేట్ల నిర్వహణలో చిరకాలంగా ఉన్న పద్ధతి. గేటుకు ఇరువైపులా ఉన్న తాళ్ల బిగువు సమానంగా ఉండాలి. ఒకవైపు వదులైతే గేటు ఒరిగి పక్కగోడకు రాసుకుంటుంది, మోటారుపై భారం పెరుగుతుంది.

చివరగా గేటునే పరిశీలించాలి. పక్కల రబ్బరు సీళ్లు ఎండి గోడకు అంటుకొనడం, చక్రాలు పట్టేయడం, రేడియల్ గేట్ల ఇరుసు బుషింగులకు గ్రీజు అందకపోవడం, అడుగున పూడిక పేరుకొనడం, దుంగలు చిక్కుకొనడం వంటివి హాయిస్టును నెమ్మదింపజేస్తాయి. ఈ లోపాలలో దేనికీ మోటారు బాధ్యత లేదు. కొత్త మోటారు బిగించినా ఫలితం ఉండదు. మెయిన్ స్విచ్ ఆపి, చేతితో తిప్పే హ్యాండిలు గల హాయిస్టులలో దానిని నిబంధనల ప్రకారం తిప్పి చూస్తే, యాంత్రికంగా ఎక్కడ బిగుసుకున్నదో సిబ్బందికి అనుభవంలోకి వస్తుంది.

పడవ ట్రైలరు వించ్ నెమ్మదిస్తే

వరద సహాయక పడవలను రోడ్డు మార్గాన తరలించి, నీటిలోకి దింపి, తిరిగి ట్రైలరుపైకి లాగడానికి ఉపయోగించే విద్యుత్ వించ్ బరువు లాగేటపుడు వంద ఆంపియర్ల వరకు, ఒక్కొక్కపుడు అంతకు మించి కరెంటు తీసుకుంటుంది. ఇంత కరెంటుకు స్వల్ప నిరోధం కూడా పెద్ద అడ్డంకి. వంద ఆంపియర్లు ప్రవహించే మార్గంలో 0.03 ఓముల నిరోధం ఉంటే మూడు వోల్టులు దారిలోనే పోతాయి. పన్నెండు వోల్టులలో నాలుగో వంతు మోటారుకు చేరనట్లే. ఆ శక్తి అంతా, అనగా 300 వాట్లు, తీగలోనూ జాయింటులోనూ వేడిగా మారుతుంది. కనుక వించ్‌ను కొద్దిసేపు నడిపి ఆపిన తరువాత ఏ లగ్గు, ఏ జాయింటు ఎక్కువ వేడిగా ఉన్నదో జాగ్రత్తగా పరిశీలిస్తే లోపం ఉన్న చోటు తెలుస్తుంది. పాజిటివ్ తీగనే గాక నెగెటివ్ తీగను, అది బిగించిన బోల్టును కూడా చూడాలి. తుప్పు, రంగు పొర కింద పట్టు సడలిన కనెక్షను ఎక్కువగా దొరికేది అక్కడే.

పూర్తిగా చార్జి అయిన 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టుల ప్రాంతంలో చూపుతుంది. 12.2 వోల్టులు చూపితే సుమారు సగం చార్జియే మిగిలినట్లు. విశ్రాంతిలో సరిగా చూపి, వించ్ నడిపినపుడు పది వోల్టుల కంటే కిందికి పడిపోతే బ్యాటరీ శక్తి ఉడిగినదని భావించవచ్చు. వించ్ వాడేటపుడు వాహనం ఇంజను నడుస్తూ ఉండడం మేలు. తీగ ఎంత పొడవైతే అంత లావు ఉండాలి. పొడవు రెట్టింపైతే నిరోధం రెట్టింపవుతుంది.

వించ్ మొదట చురుకుగా ఉండి కొద్దిసేపటికి నెమ్మదించినట్లయితే అది వేడి ప్రభావం. రాగి తీగ వేడెక్కిన కొద్దీ నిరోధం పెరుగుతుంది. 50 డిగ్రీల పెరుగుదలకు సుమారు 20 శాతం అదనం. ఈ వించ్‌లు నిరంతరాయంగా నడిచేందుకు చేసినవి కావు. మధ్యమధ్య విరామం ఇవ్వాలి. డ్రమ్ముపై తాడు పొరలు పెరిగిన కొద్దీ లాగే బలం తగ్గడం కూడా సహజమే. కావున బరువైన పడవకు కప్పీ వేసి తాడును రెట్టింపుగా మళ్లిస్తే వించ్‌పై భారం దాదాపు సగానికి తగ్గుతుంది. వేగం సైతం సగమవుతుంది గాని మోటారు అలసిపోదు. ట్రైలరు రోలర్లు తిరుగుతున్నవా, పడవ అడుగు బురదలో కూరుకొన్నదా అన్నది వించ్‌ను విప్పే ముందే చూడవలసిన విషయం.

పాటించవలసిన జాగ్రత్తలు

విద్యుత్ భాగాలను అర్హత గల ఎలక్ట్రీషియన్ మాత్రమే తెరవాలి. మరమ్మతుకు ముందు మెయిన్ స్విచ్ ఆపి, తాళం వేసి, హెచ్చరిక బోర్డు తగిలించాలి. గేటు తాడుపై వేలాడుతున్నపుడు బ్రేకును గాని, గేరుబాక్సును గాని విప్పరాదు. గేటును పూర్తిగా దించి, లేదా స్టాప్‌లాగ్ గేట్లు అమర్చి, తాడుపై భారం లేదని నిర్ధారించుకొన్న పిమ్మటనే పని ప్రారంభించాలి. బిగిసిన తాడు వరుసలో ఎవరూ నిలబడరాదు. పడవను లాగేటపుడు ట్రైలరు వెనుక మనుషులు ఉండరాదు. ట్రిప్ అవుతున్న రిలే అమరికను పెంచి పని గడుపుకొనడం లోపాన్ని దాచడమే గాని తొలగించడం కాదు.

ముందుగా చూచుకొంటేనే రక్షణ

2021 డిసెంబరు 30 నుండి అమలులోకి వచ్చిన డ్యాం భద్రతా చట్టం తన పరిధిలోని డ్యాముల యజమానులు వర్షాకాలానికి ముందు, తరువాత తనిఖీలు జరిపించవలెనని నిర్దేశిస్తున్నది. ఆ తనిఖీ కాగితానికే పరిమితం కాకుండా ఉండాలంటే ప్రతి గేటును వాస్తవంగా కదిలించి, పట్టిన సమయాన్ని, వోల్టేజిని, కరెంటును నిరుటి అంకెలతో పోల్చి చూడాలి. ఈ పనికి పెద్ద వ్యయం కాదు. ఒక గడియారం, ఒక టాంగ్ టెస్టరు, ఒక రిజిస్టరు చాలును.

గేటు వద్ద రేయింబవళ్లు ఉండే లస్కర్లు యంత్రం శబ్దంలో తేడాను అందరికంటే ముందుగా పసిగట్టగలరు. వారు చెప్పిన మాటను అదే రోజు రిజిస్టరులో నమోదు చేసి, పై అధికారుల దృష్టికి తీసుకొనిపోయే ఏర్పాటు ఉన్న చోట చిన్న లోపం పెద్ద ప్రమాదంగా మారదు. సాగునీటి సంఘాల సభ్యులు, నదీతీర గ్రామాల ప్రజలు సైతం గేట్ల పరీక్ష జరిగే రోజున హాజరై పరిశీలించడం అభిలషణీయం. ఏడాది పొడవునా నీటి చుక్క కోసం ఎదురుచూచే పశ్చిమ ప్రకాశం వంటి ప్రాంతంలో వచ్చిన నీటిని నిలుపుకొనడమూ, వచ్చిన వరదను క్షేమంగా సాగనంపడమూ రెండూ ఆ గేటును కదిలించే యంత్రంపైనే ఆధారపడి ఉన్నవి. అది నెమ్మదించిన రోజే దానిని పట్టించుకొనడం అందరి బాధ్యత.